స్లైడ్లు తీసేస్తే మాటొచ్చింది: ఒక ఈఈఈ విద్యార్థిని కేసు

ఇంజనీరింగ్ కాలేజీల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పేవాళ్ళకి ఇలాంటి కేసులు ప్రతి బ్యాచ్‌లోనూ తగులుతూనే ఉంటాయి, కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అయినా దీన్ని విడిగా రాయడానికి కారణం ఉంది. "పూర్ కమ్యూనికేషన్" అని ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళు కాగితం మీద రాసి పంపిన అమ్మాయికి అసలు ఇబ్బంది ఇంగ్లీష్ కాదని తేలడానికి ఒక చిన్న పరీక్ష సరిపోయింది, ఆ పరీక్షకి ఖర్చు లేదు, లాంగ్వేజ్ లాబ్ అక్కర్లేదు, అరగంటలో అయిపోతుంది. అమ్మాయి పేరు, ఊరు, కాలేజీ, కంపెనీలు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. మోటార్ల సంగతులు మాత్రం అలాగే ఉంచాను, ఎందుకంటే కేసంతా వాటి మీదే నడిచింది.

నేపథ్యం

ఫైనలియర్ ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా, డిప్లొమా వాళ్ళ ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరింది. ఈ దారిన వచ్చేవాళ్ళకి ఒక నష్టం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మన దగ్గర ఇంగ్లీష్, దాని లాబ్ చాలాచోట్ల మొదటి ఏడాదిలోనే అయిపోతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉచ్చారణ నేర్చుకోవడం, రోల్ ప్లేలు, నలుగురి ముందు మొదటిసారి నిలబడి తడబడటం, అంతా అక్కడే. లేటరల్ ఎంట్రీ వాళ్ళు ఆ ఏడాది అసలు కాలేజీలో ఉండరు. పై ఏడాదుల్లో మళ్ళీ అడ్వాన్స్‌డ్ లాబ్ వచ్చేసరికి అందరికీ పునాది పడిపోయిందన్న లెక్కతో మేం గ్రూప్ డిస్కషన్లు మొదలుపెట్టేస్తాం, వీళ్ళేమో వెనక బెంచీలో కూర్చుని ఎవరైనా పిలుస్తారేమోనని తల దించుకుంటారు.

అయితే చేతిపనిలో వీళ్ళు మిగతావాళ్ళ కంటే ముందుంటారు. ఇంటర్ ఎంపీసీ నుంచి వచ్చిన పిల్లలు రెండేళ్ళు బిట్లు కొట్టి వస్తారు, స్క్రూడ్రైవర్ పట్టుకునే తీరిక వాళ్ళకి ఎవరిచ్చారు గనక. ఈ అమ్మాయి సంగతి ఇంకాస్త వేరు: ఇంట్లోనే మోటార్లు వైండింగ్ చేసే పని. బడి సెలవుల్లో కాయిల్స్ చుట్టింది, కాలిన మోటార్లు విప్పడం చూస్తూ పెరిగింది. ఈ ముక్క మాకెవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. మా ప్రొఫైల్ షీట్‌లో "ఫాదర్స్ ఆక్యుపేషన్" దగ్గర "సెల్ఫ్ ఎంప్లాయిడ్" అని ఉంది, అంతే.

ప్రాజెక్టు నలుగురిది. బోరు మోటారుకి ఒక ఫేజు పోయినా, బోర్లో నీళ్ళు అయిపోయినా కనిపెట్టి మోటారుని ఆపేసి, రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే పెట్టె. కరెంటు కొలవడానికి సెన్సర్లు, ప్రోగ్రామ్ నడపడానికి ఒక ఆర్డ్యూనో బోర్డు, మోటారుని ఆపే స్విచ్చుగా ఒక రిలే, మెసేజ్ పంపడానికి ఒక జీఎస్‌ఎం మాడ్యూల్. ఈ రకం ప్రాజెక్టు కొత్తదేం కాదు, ప్రతి ఏడాదీ ఏదో ఒక కాలేజీలో ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. కాకపోతే వీళ్ళు నిజంగా చేశారు, సర్క్యూట్ ఈ అమ్మాయే కట్టింది.

ఏ సమస్యతో వచ్చింది

ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళ షీట్‌లో ఆమె పేరు పక్కన ఇలా ఉంది: "టెక్నికల్లీ గుడ్, పూర్ కమ్యూనికేషన్, నర్వస్." దాంతోపాటు మాక్ ఇంటర్వ్యూ వీడియో ఒకటి. అందులో ప్రాజెక్టు గురించి చెప్పమనగానే గడగడా మొదలుపెట్టింది: "అవర్ ప్రాజెక్ట్ టైటిల్ ఈజ్ త్రీ ఫేజ్ మోటార్ ప్రొటెక్షన్ సిస్టమ్ యూజింగ్ ఆర్డ్యూనో అండ్ జీఎస్‌ఎం. నౌ ఎ డేస్ అగ్రికల్చర్ ఈజ్ బ్యాక్‌బోన్ ఆఫ్ అవర్ కంట్రీ..." అలా ఎగ్జిస్టింగ్ సిస్టమ్ దాకా వెళ్ళింది. అక్కడ ప్యానెల్‌లో ఉన్న సార్ ఆపి, స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు హద్దు దాటితే మోటారుని ఆపేసేది) ఎలాగూ ఉంటుంది కదా, మళ్ళీ మీ పెట్టె ఎందుకు అని అడిగారు. మంచి ప్రశ్న, చాలా సూటి ప్రశ్న. అమ్మాయి ఆగిపోయింది. పైకి చూసింది, చేతులు నలుపుకుంది, తర్వాత మళ్ళీ మొదటి నుంచి "అవర్ ప్రాజెక్ట్ టైటిల్ ఈజ్..." అని అందుకుంది.

ఆ మళ్ళీ మొదలుపెట్టడమే నాకు ఆసక్తిగా అనిపించింది. భాష చాలకపోతే మనిషి వెతుక్కుంటాడు, సగం సగం మాటలంటాడు, తప్పు మాట పడేసి ముందుకెళ్తాడు. ఈమె అలా ఏమీ వెతుక్కోలేదు. పాఠం అప్పజెప్పే పిల్లలు మధ్యలో ఆపితే ఏం చేస్తారో అదే చేసింది.

అప్పటిదాకా చేసినవి, అవి ఎందుకు ఆగిపోయాయి

మొదట రెమిడియల్ గ్రామర్. టెన్సులు, ప్రిపొజిషన్లు, తప్పులు కనిపెట్టే బిట్లు. ఆమె మార్కులు పెరిగాయి కూడా, రాత పరీక్షలో బాగానే చేసింది. మాట మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. తప్పు వాక్యంలో తప్పెక్కడుందో పట్టుకోవడం ఒక పని, లేని వాక్యాన్ని పుట్టించడం వేరే పని. ఇంకో నష్టం కూడా జరిగింది: అంతకుముందు తప్పో ఒప్పో మాట్లాడేది కాస్తా, ఇప్పుడు "హాజ్ ఆ, హావ్ ఆ" అని లోపల చూసుకుంటూ ఆగడం మొదలైంది.

తర్వాత స్క్రిప్టు. ప్రాజెక్టు గురించి ఒకటిన్నర పేజీ ఇంగ్లీష్‌లో రాయించి, దిద్దించి, బట్టీ పట్టించారు. దీన్ని పూర్తిగా తీసిపారేయను, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" లాంటి మారని ప్రశ్నకి స్క్రిప్టు పనికొస్తుంది, కాళ్ళు వణకడం తగ్గుతుంది. కానీ టెక్నికల్ రౌండ్ అంటేనే ఆపి అడగడం. బట్టీ పట్టిన దాంట్లో ప్రతి వాక్యానికీ ముందు వాక్యమే ఆసరా, మధ్యలో ఆపితే ఆ ఆసరా పోతుంది. పైన చెప్పిన వీడియో ఈ స్క్రిప్టు తర్వాతదే.

మూడోది జామ్ (జస్ట్ ఎ మినిట్), అంటే ఒక్క నిమిషం ఆపకుండా మాట్లాడటం. మన లాబుల్లో ఇది లేకుండా సెమిస్టర్ గడవదు. దీని వెనక ఉన్న సంగతి చాలామంది టీచర్లకే తెలియదు: ఇది 1967లో బీబీసీ రేడియోలో మొదలైన ఒక హాస్య కార్యక్రమం. తడబడకూడదు, ఒకసారి అన్న మాట మళ్ళీ అనకూడదు, విషయం దాటకూడదు అన్న నియమాలు పెట్టింది మాటకారులు బోల్తాపడితే జనం నవ్వుకోవడానికి. దాన్ని మనం పరీక్ష చేసి కూర్చోబెట్టాం. సైన్స్, టెక్నికల్ పిల్లల విషయంలో ఆ రెండో నియమం తలకిందులు కూడా. మోటారు గురించి చెప్పేవాడు "కరెంట్" అన్న మాటని పదిసార్లు అనాలి, అదే మాట అనాలి. వినేవాడు దారి తప్పకుండా ఉండేది దానివల్లే. సోషల్ మీడియా మంచిదా చెడ్డదా అని ఈ అమ్మాయిని నిమిషం మాట్లాడమంటే, చెప్పడానికి ఏమీ లేని విషయం మీద, తప్పక చెప్పాల్సిన పద్ధతికి విరుద్ధంగా మాట్లాడటం నేర్పుతున్నట్టు లెక్క.

ఆ చిన్న పరీక్ష

నా దగ్గరికి వచ్చేసరికి కేంపస్ డ్రైవ్‌లకి పెద్దగా టైం లేదు. మూడు అనుమానాలున్నాయి: భాష చాలకపోవడం, భయం, లేదా ఇంకేదో. భాష అయితే నెలల పని, భయమైతే దారి వేరు. ఏదో తెలియకుండా మళ్ళీ ఒక క్లాసు మొదలుపెట్టడం అనవసరమనిపించింది. అందుకని ఒక్కోసారి ఒక్క సంగతే మార్చి చూద్దామనుకున్నాను, సైన్స్ వాళ్ళు లాబ్‌లో చేసేది అదే కదా.

మొదట అవే స్లైడ్లు, అదే గది, కానీ తెలుగులో చెప్పమన్నాను. సమస్య ఇంగ్లీషే అయితే తెలుగులో గలగలా రావాలి. రాలేదు. "మా ప్రాజెక్ట్ టైటిల్ వచ్చేసి..." అని మొదలుపెట్టి, వ్యవసాయం దేశానికి వెన్నెముక అని, ఎగ్జిస్టింగ్ సిస్టమ్ దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నబడిపోయి, ఓవర్‌లోడ్ రిలే ప్రశ్న అడగ్గానే సరిగ్గా అక్కడే ఆగిపోయింది. మాతృభాషలో కూడా అదే చోట.

రెండోసారి భాష తెలుగే, మనిషిని నేనే, కానీ స్లైడ్లు లేవు. ఎలక్ట్రికల్ మెషిన్స్ లాబ్‌కి తీసుకెళ్ళి, పక్కనే ఉన్న స్టార్టర్ డబ్బా చూపించి, "నాకు ఇవేమీ తెలియవమ్మా, మా ఊళ్ళో మోటార్లు ఊరికే కాలిపోతుంటాయి, ఎందుకు?" అని అడిగాను. ఫోన్‌లో రికార్డు చేస్తానని ముందే చెప్పి పెట్టాను. వచ్చిన జవాబులో కొంత ఇక్కడ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"ఒక ఫేజు పోతే తిరుగుతున్న మోటారు ఆగదు మేడమ్, గొడవంతా అదే. ఆగిపోతే రైతు చూసుకుంటాడు కదా. ఆగకుండా మిగతా రెండు ఫేజుల మీదే లాక్కొస్తది, అప్పుడు ఆ రెండిట్లో కరెంటు ఒకటింబావు కాదు, ఇంకా ఎక్కువ లాగుతది, లోడు అంతే ఉంటే ఒకటీ ముప్పావు దాకా. వైండింగ్ వేడెక్కి మాడిపోతది. మామూలు మోటారైతే కనీసం కాలిన వాసనొస్తది, బోరు మోటారు నేల లోపల ఉంటది కాబట్టి అదీ తెలీదు. నీళ్ళు ఆగినాకే తెలుస్తది. మా నాన్న దగ్గరికి వచ్చినప్పుడు విప్పి చూస్తే, స్టార్ కనెక్షన్ అయితే రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా బొగ్గైపోయి, మూడోది మాత్రం కొత్తదానిలా ఉంటది. అది చూస్తే చాలు ఫేజు పోయి కాలిందని చెప్పెయ్యొచ్చు."

మరి ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది కదా అన్నాను, మాక్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నే.

"ఉంటది మేడమ్, కానీ ఊళ్ళల్లో వోల్టేజీ తక్కువ. వోల్టేజీ తగ్గితే మోటారు కరెంటు ఎక్కువ తీస్కుంటది, రిలే మాటిమాటికీ పడేస్తది. రాత్రి పూట పొలం దాకా ఎన్నిసార్లు పోతారు? విసుగొచ్చి సెట్టింగు పైకి తిప్పేస్తారు, కొంతమంది రిలేనే షార్ట్ చేసి పెడతారు. అప్పుడది ఉండీ లేనట్టే."

ఏ ప్రశ్న దగ్గర రెండుసార్లు నోరు పడిపోయిందో ఆ ప్రశ్నకి జవాబు ఇది, ఇంతకంటే మంచి జవాబు ఆ ప్యానెల్‌లో ఉన్నవాళ్ళు కూడా చెప్పి ఉండరు. భయం ఎక్కడా కనపడలేదు, చేతులు స్టార్టర్ మీద ఆడుతున్నాయి. మరి ఇదంతా స్లైడ్ల ముందు ఎందుకు రాలేదు? స్లైడ్లలో లేదు కాబట్టి. అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, లిటరేచర్ సర్వే, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్, బ్లాక్ డయాగ్రమ్, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, అడ్వాంటేజెస్, అప్లికేషన్స్, కన్‌క్లూజన్, థాంక్యూ. తెలుగు రాష్ట్రాల్లో ఏ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళినా ఇదే వరుస. మోటారు ఎందుకు కాలుతుందో చెప్పడానికి అందులో చోటే లేదు. తనకి బాగా తెలిసినది "ప్రాజెక్టులో చెప్పే మాట" కాదని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. నాన్న కొట్టు సంగతి కాలేజీలో చెప్పకూడని సంగతన్నట్టు దాచుకోవడం కూడా అందులో భాగమే అనుకుంటాను.

ఇంగ్లీష్‌లోకి ఎలా తేవాలి

ఇప్పుడు చేతిలో మంచి తెలుగు వివరణ ఉంది, కావల్సింది ఇంగ్లీష్‌లో. అందరికీ ముందు తట్టేదే చేశాం: రికార్డింగు విని కాగితం మీద పెట్టి, వాక్యం వాక్యం ఇంగ్లీష్ చేయడం. ఇది సాగలేదు. మాట్లాడే తెలుగులో ఒక వాక్యం పోతూ, వస్తూ, అయిపోయి, కాలిపోయి అంటూ నాలుగైదు పనుల్ని ఒకే తాడు మీద పేనుకుంటూ పోతుంది, అసలు క్రియ చివర్లో పడుతుంది. దాన్ని అదే పొడవుతో ఇంగ్లీష్‌లో కట్టాలంటే విచ్, దట్, వెన్, బికాజ్ అన్నీ కావాలి, ఆ అమ్మాయి సగంలో చిక్కుకుని బయటికి రాలేకపోయేది. ఉన్న ధైర్యం కూడా పోతుందేమోనన్న అనుమానం వచ్చి ఆపేశాం.

దాని బదులు వాక్యాల్ని వదిలేసి వరుసని మాత్రం తీసుకున్నాం. రికార్డింగులో ఒక్కో మాట ఏ ప్రశ్నకి జవాబో పక్కన రాసింది: ఏం జరుగుతుంది, ఎందుకు ఎవరికీ తెలియదు, ఇప్పుడున్న రిలే ఎందుకు చాలదు, మేం ఏం కొలుస్తాం, ఎప్పుడు ఆపుతాం, ఎక్కడ మా పెట్టె పనికిరాదు. చివరి ప్రశ్న నేను చేర్పించింది, మిగతావన్నీ ఆమె నోటి నుంచి ఆ వరుసలోనే వచ్చాయి. ప్రతి ప్రశ్నకీ ముందు బొమ్మ గీయాలి, తర్వాత ఆ బొమ్మని వేలితో చూపిస్తూ చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలు చెప్పాలి. ఒక వాక్యంలో ఒకటే పని జరగాలి. "వన్ ఫేజ్ ఫెయిల్స్. ద మోటార్ డజ్ నాట్ స్టాప్. ఇట్ డ్రాస్ మోర్ కరెంట్ ఫ్రమ్ ద అదర్ టూ. ద వైండింగ్ ఓవర్‌హీట్స్." వ్యాకరణం చూస్తే ఎనిమిదో తరగతి ఇంగ్లీష్. ఇంజనీర్ చెవికి మాత్రం ఇది లోటు లేని వివరణ.

ఇక్కడ ఒక సంగతి గమనించాం. ఆమె తెలుగు రికార్డింగులో ఫేజు, కరెంటు, వైండింగ్, కాయిల్, లోడు, రిలే, స్టార్ కనెక్షన్ అన్నీ ముందే ఇంగ్లీష్ మాటలు. ఏ ఎలక్ట్రీషియన్ అయినా అలాగే మాట్లాడతాడు. అంటే సామాను పేర్లు వచ్చు, ఆ సామాను చేసే పనుల పేర్లు రావు. లాగడం, పడేయడం, తెగిపోవడం, పోల్చి చూడటం, ఆగి మళ్ళీ మొదలవడం, ఇలాంటి ఓ ఇరవై క్రియలు ఆమె ప్రాజెక్టుకి సరిపోయాయి. వాటిని పట్టిక చేసి బట్టీ పెట్టించలేదు. లాబ్‌లో మోటారు స్టార్ట్ చేసి, ఒక ఫేజు తీసి, ఏం జరుగుతుందో జరుగుతున్నప్పుడే ఇంగ్లీష్‌లో చెప్పమన్నాం, క్రికెట్ కామెంటరీలాగా. లాబ్ అసిస్టెంట్ పక్కనే ఉండి, ఫేజు తీసి ఎక్కువసేపు ఉంచకుండా చూసుకున్నారు. ఈ పద్ధతి ఎవరైనా వాడితే ఆ మనిషి లేకుండా మాత్రం వాడొద్దు.

స్లైడ్లు కూడా మారాయి. పైన "ఇంట్రడక్షన్" లాంటి శీర్షిక తీసేసి పూర్తి వాక్యం పెట్టించాను, ఆ స్లైడ్‌తో ఏం నిరూపించదల్చుకుందో ఆ వాక్యం. కింద బుల్లెట్లు లేకుండా దానికి సాక్ష్యంగా ఒకే బొమ్మ. మొదటి స్లైడ్‌కి ఆమె ఇంటి నుంచి ఫోటో తెచ్చింది: విప్పిన మోటారు, రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా, మూడోది రాగి రంగులో మెరుస్తూ. దాని మీద వాక్యం, "ద ఫార్మర్ డిడ్ నాట్ నో వన్ ఫేజ్ వాజ్ గాన్" అని. ఆ ఫోటో తేవడానికి కాస్త తటపటాయించింది, కొట్లో నేలంతా నూనె మరకలు కనపడుతున్నాయని. మరకలతోనే పెట్టమన్నాను.

గైడ్‌తో వచ్చిన చిక్కు

ప్రాజెక్టు గైడ్ ఒప్పుకోలేదు. డిపార్ట్‌మెంట్ ఫార్మాట్ ఉంది, లిటరేచర్ సర్వే లేకపోతే రివ్యూలో మార్కులు పోతాయి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చినప్పుడు ఎవరు జవాబు చెప్పాలి అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది, మార్కులు వేసే రుబ్రిక్ అలాగే ఉంది. వాదన పెట్టుకుంటే నలిగేది అమ్మాయే కాబట్టి మధ్యేమార్గం చూశాం: రిపోర్టు పూర్తిగా వాళ్ళ ఫార్మాట్‌లో, ప్రెజెంటేషన్ మా వరుసలో, సర్వే, బ్లాక్ డయాగ్రమ్ వగైరా అడిగితే చూపించడానికి చివర్లో. ఒప్పించడానికి ఉపయోగపడింది నా ఇంగ్లీష్ టీచర్ హోదా కాదు, అక్రెడిటేషన్ కాగితాలు. ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ అప్పట్లో పెట్టిన 12 ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌లో (కోర్సు అయ్యేసరికి విద్యార్థికి రావాల్సినవి) పదోది కమ్యూనికేషన్, అందులో తోటి ఇంజనీర్లతోనూ, సమాజంతోనూ అని రెండూ స్పష్టంగా ఉండేవి. ఫైల్‌లో ఆ పదోదాని ఎదురుగా టిక్కు పెట్టడానికి ఆధారం ఎలాగూ చూపించాలి కదా సార్, ఇది చూపించుకోండి అన్నాను. ఆ మాట పనిచేసింది.

ఆపి అడగడం

అన్నిటికంటే ఎక్కువ టైం దీనికే పెట్టాం. ఆమె అసలు ఇరుక్కున్నది ఇక్కడే కాబట్టి. బ్యాచ్‌మేట్లు, సివిల్ వాళ్ళు ఇద్దరు, ఒక జూనియర్, వీళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు మధ్యలో ఆపొచ్చు. ఆమెకి ఉన్న నియమం ఒక్కటే, మొదటికి వెళ్ళకూడదు. ప్రశ్న ఆ ఆరు ప్రశ్నల్లో దేనికి చెందుతుందో చూసుకుని ఆ బొమ్మ దగ్గరికి వెళ్ళాలి, లేదా "లెట్ మీ డ్రా ఇట్" అని కాగితం తీసుకోవాలి. గీస్తున్నంతసేపూ ఆలోచించుకునే టైం దొరుకుతుంది, ఎదుటివాడి చూపు మొహం మీద నుంచి కాగితం మీదికి పోతుంది. భయం గురించి నేను చేసిన వైద్యమంతా ఇంతే, బ్రీదింగ్ ఎక్సర్‌సైజులు లాంటివేవీ చేయించలేదు.

వేరే బ్రాంచి వాళ్ళని పెట్టుకోవడం ఎంత మంచిదైందో మొదటిరోజే తెలిసింది. సివిల్ అబ్బాయి ఒకడు అమాయకంగా, మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కూడా కరెంటు ఎక్కువే లాగుతుందంటారు కదా, అప్పుడు మీ పెట్టె దాన్ని ఆపేయదా అన్నాడు. ఈఈఈ వాళ్ళెవరూ అది అడగలేదు, తెలిసిన విషయమే కదా అని. ఆమె కాసేపు ఆలోచించి కాగితం మీద కరెంటు గ్రాఫ్ గీసింది: 5 హెచ్‌పీ మోటారు మామూలుగా 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది, డైరెక్టుగా స్టార్ట్ చేస్తే మొదట్లో దానికి ఆరు రెట్ల దాకా వెళ్ళి దిగుతుంది, అందుకని మొదటి కొన్ని సెకన్లు మా ప్రోగ్రామ్ పట్టించుకోదు. తర్వాత తనే ఇంకో ముక్క కలిపింది: నీళ్ళు అయిపోతే ఉల్టా, కరెంటు పడిపోతుంది, అందుకే పైన ఒక గీత, కింద ఒక గీత పెట్టుకున్నాం అని. ఆ గ్రాఫ్ తర్వాత స్లైడ్ అయింది, అసలు ఇంటర్వ్యూలోనూ పనికొచ్చింది.

తెలియని ప్రశ్న వస్తే ఏం చేయాలన్నది విడిగా చూసుకున్నాం. మన పిల్లలు తెలియదని చెప్పరు, ఏదో ఒకటి అల్లేస్తారు, అల్లడం మొదలవగానే భాష కూడా విరిగిపోతుంది. వీళ్ళు తమ పెట్టెని లాబ్‌లో ఉన్న చిన్న మోటారు మీదే పరీక్షించారు, నిజం బోరు మీద కాదు. దాన్ని దాచకుండా ముందే చెప్పమన్నాను: "వీ టెస్టెడ్ ఇట్ ఓన్లీ ఇన్ ద లాబ్." చెప్పి, బోరు మీద పెడితే ఏం మారుతుందనుకుంటుందో ఒక వాక్యం. ఇది చెప్పడానికి ఆమె చాలా మొండికేసింది. మార్కులు పోతాయని భయం.

ఏం జరిగింది

డిపార్ట్‌మెంట్ రివ్యూ బాగా జరిగింది, మొదటి ఫోటో చూడగానే ఒక సీనియర్ సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారట. తర్వాత ఒక స్విచ్‌గేర్ కంపెనీ డ్రైవ్‌లో టెక్నికల్ రౌండ్ దాటింది. ఓవర్‌లోడ్ రిలే ప్రశ్న అక్కడా వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది, వాళ్ళు అమ్మేదే అది. ఆమె కాగితం అడిగి తీసుకుని జవాబు చెప్పింది. హెచ్ఆర్ రౌండ్‌లో పోయింది. వేరే ఊళ్ళో పని చేయడం గురించి, ఇంట్లోవాళ్ళ అనుమతి గురించి అడిగితే నీళ్ళు నమిలింది, ఆ విషయం ఇంట్లో అప్పటికింకా తేలలేదు. కొన్ని వారాల తర్వాత ప్యానెల్ బోర్డులు చేసే ఒక చిన్న సంస్థలో డిజైన్ వైపు చేరింది.

ఇంగ్లీష్ బాగుపడిందా అంటే, కొంత. ఆర్టికల్స్ ఇప్పటికీ మిస్సవుతాయి, యాస అలాగే ఉంది, సోషల్ మీడియా మీద నిమిషం మాట్లాడమంటే ఇప్పటికీ ఇబ్బందే. వాటి జోలికి మేం పోలేదు కూడా.

ఇదే పద్ధతి మిగతావాళ్ళ మీద

ఈ అమ్మాయికి నాన్న కొట్టు ఉంది, ఆ అదృష్టం అందరికీ ఉండదు. తర్వాత ఇంకొందరితో ఇదే చేసి చూశాను. బాగా కుదిరింది చేత్తో పని చేసినవాళ్ళకి: డిప్లొమా వాళ్ళు, ఊళ్ళో ట్రాక్టర్ రిపేరు చేసే మెకానికల్ అబ్బాయిలు, సొంతంగా ఏదో ఒక యాప్ చేసి పదిమంది చేత వాడించిన సీఎస్ఈ పిల్లలు. అస్సలు కుదరనిది ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్ళకి. అమీర్‌పేటలో డబ్బులిస్తే కోడు, రిపోర్టు, పీపీటీ కలిపి చేతికిస్తారని అందరికీ తెలిసిందే. అలాంటివాళ్ళని స్లైడ్లు పక్కన పెట్టి తెలుగులో చెప్పమంటే, స్లైడ్లతో చెప్పినంత కూడా చెప్పలేరు. ఆ పరీక్ష వల్ల ఇంకో లాభం ఇది, ఎవరికి కమ్యూనికేషన్ క్లాసు కావాలో, ఎవరికి మళ్ళీ ప్రాజెక్టు చేసుకోవడం కావాలో అక్కడికక్కడే తెలిసిపోతుంది. రెండో రకం వాళ్ళని ఇంగ్లీష్ టీచర్ల మీద వదలడం మాకూ వాళ్ళకీ టైం దండగ.

మధ్యరకం ఒకటుంది, వాళ్ళతోనే ఎక్కువ కష్టం. ప్రాజెక్టు నిజంగానే చేశారు, కానీ గైడ్ చెప్పింది చెప్పినట్టు చేశారు, ఎందుకు అని అడగలేదు. వీళ్ళకి తెలుగు వివరణ సగం దాకా వచ్చి ఆగుతుంది. ఆగిన చోటు రాసుకుని గైడ్ దగ్గరికి పంపిస్తాను, ఇంగ్లీష్ పని అది తెలుసుకుని వచ్చాకే. కొందరు గైడ్లకి ఇది నచ్చదు, ఇంగ్లీష్ మేడమ్ సబ్జెక్టు ప్రశ్నలు పంపిస్తోందని. ఇంకొందరు వాళ్ళే వచ్చి కూర్చుంటున్నారు.

లాబ్‌లో చేసిన మార్పు ఒక్కటే. మూడో ఏడాది మొదటి క్లాసులో జామ్ బదులు, ఇంట్లోనో ఊళ్ళోనో తమకి దగ్గరగా తెలిసిన ఏదైనా యంత్రం లేదా పని ఎలా నడుస్తుందో తెలుగులో, స్లైడ్లు లేకుండా, వేరే బ్రాంచి విద్యార్థికి చెప్పమంటున్నాను. రైస్ మిల్లు, చేపల చెరువులో ఏరేటర్, కేబుల్ టీవీ కనెక్షన్, ఏదైనా సరే. విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి, మార్కులు చెప్పినవాడికి. ఎక్స్‌టర్నల్ పరీక్షలో మాత్రం జామ్, గ్రూప్ డిస్కషన్ అలాగే ఉన్నాయి కాబట్టి సెమిస్టర్ చివరి నెల వాటికే పోతోంది.